కర్ణుడు నా హీరో. మరి సభలో ఆ మాటలన్నది ఎవరు?



ఈ వారం వీడియోలో కర్ణుడి గురించి మాట్లాడాను కదా. పదిహేను నిమిషాల్లో ఇమడని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అసలు చెప్పాలనుకున్నది వాటిలోనే ఉండిపోయింది, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి.

చిన్నప్పుడు నా హీరో ఎవరని అడిగితే ఆలోచించకుండా కర్ణుడు అనేవాణ్ణి. దానికి కారణం మా మావయ్య. అమ్మ తమ్ముడు. తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింటికి రెండు వీధుల అవతల సీడీలు అద్దెకిచ్చే షాపు ఉండేది ఆయనకి. సంక్రాంతి సెలవులకి వెళ్తే మధ్యాహ్నాలన్నీ నాకు ఆ షాపులోనే. అక్కడే మొదటిసారి 'దానవీరశూరకర్ణ' చూశాను. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా అది. ఎన్టీఆర్ గారే దర్శకుడు, ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు. మాటలు కొండవీటి వెంకటకవి గారివి. దాదాపు నాలుగు గంటల సినిమా, మూడు సీడీలు. సీడీ మార్చినప్పుడల్లా మావయ్య, "ఇప్పుడు చూడరా అసలు సంగతి" అనేవాడు. ప్రతి సీడీలోనూ అసలు సంగతే ఉండేది.

ఇంటికొచ్చాక దుప్పటి చుట్టుకుంటే అది కవచం. అమ్మమ్మ కుంకుమ భరిణె మూతలు రెండు చెవుల దగ్గర పట్టుకుంటే అవి కుండలాలు. ఎవరొచ్చి అడిగినా ఇచ్చేయడమే ఆట. అడిగేవాళ్ళు లేక మా చెల్లిని బలవంతంగా ఇంద్రుణ్ణి చేసేవాణ్ణి.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా దృష్టిలో కర్ణుడూ మావయ్యా వేరు కాదు. ఆ మనిషి చేతికి ఎముక లేదనేవాళ్ళు బంధువులు. షాపుకి డబ్బుల్లేకుండా వచ్చిన కుర్రాళ్ళకి కూడా సీడీ ఇచ్చి పంపేవాడు. స్నేహితుడి కోసం ప్రాణమిస్తాడని పేరు. నా ఎంసెట్ కోచింగ్ ఫీజు, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఫీజు ఆయనే కట్టాడు. ఎవరూ అడగలేదు, నాన్న ఇబ్బందుల్లో ఉన్నాడని తెలిసి తనే వచ్చి కట్టి వెళ్ళాడు.

భారతంలో ఉన్న కర్ణుడు

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో, అందరూ ఊళ్ళకి వెళ్ళిపోయిన ఒక హాస్టల్ గదిలో ఒక్కణ్ణే ఉండిపోయాను. టీటీడీ వాళ్ళు వ్యాఖ్యానంతో వేసిన కవిత్రయ భారతం, దాని పక్కనే గంగూలీ గారి ఇంగ్లీషు వ్యాసభారతం పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే కర్ణుడి కోసమే మొదలుపెట్టాను. పద్యం అర్థం కాకపోతే తాత్పర్యం, తాత్పర్యం చాలకపోతే ఇంగ్లీషు. మన తెలుగులో ఈయన కథ ముగ్గురి చేతుల మీదుగా నడుస్తుంది. పట్టాభిషేకం, ద్యూతసభ నన్నయ గారివి. కవచకుండలాల ఘట్టం ఎర్రన గారిది. రాయబారం నుంచి చివరిదాకా తిక్కన గారిది.

మొదట్లో నా కర్ణుడు నాకు అలాగే దొరికాడు, ఇంకా గొప్పగా కూడా. ఆదిపర్వంలో ఒక దృశ్యం ఉంది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన జరుగుతోంది. కర్ణుడు అర్జునుణ్ణి సవాలు చేస్తాడు. కృపాచార్యుడు నీ కులమేది, వంశమేది అని అడుగుతాడు. కర్ణుడు తల వంచుకుంటాడు. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేయిస్తాడు. ఇంతవరకూ మనందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది చూడండి. చెమటలు కక్కుతూ, పైబట్ట జారిపోతూ, కర్ర ఊతగా అధిరథుడు సభలోకి వస్తాడు. రథం తోలే మనిషి. కర్ణుడు విల్లు పక్కన పెట్టి, అభిషేకం నీళ్ళు ఇంకా కారుతున్న తలతో ఆయన కాళ్ళకి దణ్ణం పెడతాడు. ఇప్పటిదాకా కులం తెలియనివాడు. ఆ దణ్ణంతో ఊరందరికీ తెలిసిపోతుంది. భీముడు వెంటనే వెక్కిరిస్తాడు కూడా. తెలిసే పెట్టాడు ఆ దణ్ణం. అది చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

కవచకుండలాల దగ్గర కూడా, ఇంద్రుడు మారువేషంలో వస్తాడని సూర్యుడు ముందే కలలో హెచ్చరిస్తాడు. అంటే మోసపోయి ఇవ్వలేదు, తెలిసి ఇచ్చాడు.

ఆదిపర్వం తర్వాత సభాపర్వం వచ్చింది.

ఆ సభలో

ద్రౌపది అడిగింది ఒకే ప్రశ్న. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తనను ముందే ఓడినవాడికి నన్ను పణం పెట్టే హక్కెక్కడిది? లాయర్ ప్రశ్న అది. భీష్ముడు ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేను అంటాడు. మిగతా పెద్దలు అదీ అనరు.

అప్పుడు లేచినవాడు వికర్ణుడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు. మనలో చాలామందికి ఈ పేరు కూడా గుర్తుండదు. వేట, తాగుడు, జూదం, స్త్రీ వ్యసనం, వీటిలో మునిగినవాడు చేసిన పని చెల్లదని, పైగా తను ఓడిపోయాక పెట్టిన పణం అసలే చెల్లదని, ద్రౌపది ఐదుగురికీ భార్య కాబట్టి ఒక్కడికి ఆ హక్కు లేదని, శకుని రెచ్చగొడితేనే ఆమెను పణం పెట్టారని, కారణాలన్నీ చెప్పి ఆమె ఓడిపోలేదు అంటాడు. సభలో కలకలం పుడుతుంది, చాలామంది మెచ్చుకుంటారు.

ఆ వికర్ణుడి నోరు మూయించింది ఎవరో తెలుసా? కర్ణుడు. నువ్వు పిల్లాడివి, నీకేం తెలుసు అంటాడు. ఐదుగురు భర్తలున్న ఆడదాన్ని గురించి ఏ మాట అనకూడదో ఆ మాట అంటాడు. ఆ తర్వాత దుశ్శాసనుడితో, పాండవుల బట్టలు, ద్రౌపది బట్టలు తీసెయ్యమంటాడు. ఆ ఆజ్ఞ వ్యాసభారతంలో కర్ణుడి నోటి నుంచే వస్తుంది. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఇంకెవరి పేరైనా ఉందేమోనని.

అక్కణ్ణుంచి కథ మారిపోయింది నాకు. అభిమన్యుడి వధలో విల్లు విరగ్గొట్టింది ఈయనే. రథచక్రం కుంగినప్పుడు ధర్మం గుర్తు చేస్తే, కృష్ణుడు ఒక్కొక్కటీ అడుగుతాడు: లక్కయింటప్పుడు నీ ధర్మం ఎక్కడికి పోయింది, సభలో ద్రౌపదిని చూసి నవ్వినప్పుడు ఎక్కడికి పోయింది, పసివాడు అభిమన్యుణ్ణి అందరూ చుట్టుముట్టినప్పుడు ఎక్కడికి పోయింది. చిన్నప్పుడు ఆ చక్రం దగ్గర నేను ఏడ్చాను. చదివేటప్పుడు చూస్తే అక్కడ కర్ణుడు జవాబు చెప్పడు. సిగ్గుతో తల దించుకుంటాడు.

రీల్స్‌లో కర్ణుడా అర్జునుడా అని కొట్టుకుంటుంటారు. ఒకవైపువాళ్ళు సభాపర్వం దాచేస్తారు. ఇంకోవైపువాళ్ళు అధిరథుడికి పెట్టిన దణ్ణం దాచేస్తారు. వ్యాసుడు రెండూ రాశాడండీ, ఏదీ దాచలేదు.

మా ఇంటి హాల్లో

వీడియోలో చెప్పలేకపోయింది ఇదే. సభాపర్వం నన్నంతగా కుదిపేయడానికి కారణం పుస్తకం ఒక్కటే కాదు.

అంతకు ముందు ఏడాది తెనాలిలో అమ్మమ్మ ఇంటి హాల్లో ఒక పంచాయితీ జరిగింది. అమ్మ పెళ్ళినాటి గాజులు, ఆరు సవర్లవి, అమ్మమ్మ బీరువాలో ఉండేవి. మావయ్య వాటిని అమ్మకి చెప్పకుండా తాకట్టు పెట్టాడు. తన కోసం కాదు. స్నేహితుడొకడు చీటీల వ్యాపారంలో మునిగిపోతుంటే ఆదుకోవడానికి. ఆ డబ్బు తిరిగి రాలేదు. తాకట్టు గడువు దాటింది, గాజులు వేలానికి పోయాయి.

అమ్మ గొడవ చేయలేదు. అందరి ముందూ ఒక్కటే అడిగింది. "తీసేముందు నన్నెందుకు అడగలేదురా?"

ఆ స్నేహితుడు కూడా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. మావయ్య అతని వైపు ఒకసారి చూసి, గొంతు పెంచి అన్నాడు: "పెళ్ళయి వెళ్ళినదానివి, ఈ ఇంటి లెక్కలు నీకెందుకక్కా? నీ కొడుకు ఫీజు ఎవరు కట్టారో మర్చిపోయావా?"

తాతయ్య తల దించుకున్నాడు. పెద్దమావయ్య ఫోన్ చూసుకున్నాడు. అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ నా వైపు చూసింది.

నాకు ఇరవై రెండేళ్ళు అప్పటికి. ఉద్యోగం ఉంది. ఆయన నా ఫీజు కట్టాడన్న ఒక్క కారణంతో నేను నోరు తెరవలేదు. అంతకంటే ఏం చెప్పను? తిన్న ఉప్పు అంటారు కదా, అది గొంతులో అడ్డం పడింది.

ఏడాది తర్వాత ఆ హాస్టల్ గదిలో సభాపర్వం చదువుతుంటే మొదట అనిపించింది, మావయ్యే కర్ణుడు అని. ఇంకో రెండు రోజులకి తెలిసింది. అంగరాజ్యం ఇచ్చినవాడి ముందు నోరు పెగలనివాడు కర్ణుడైతే, ఫీజు కట్టినవాడి ముందు నోరు పెగలని నేనెవర్ని? వికర్ణుణ్ణి మాత్రం కాదు.

మావయ్యతో మాట్లాడటం మానేశాను. కర్ణుడి పేరు ఎత్తడం కూడా. ఈ ఛానెల్ మొదలుపెట్టిన కొత్తలో మహాభారతం సిరీస్ చేయమని చాలామంది అడిగినా దాటేస్తూ వచ్చింది ఇందుకే.

కర్ణుడే ఒప్పుకున్నాడు

ఉద్యోగపర్వం దాకా వెళ్తే ఇంకో సంగతి ఉంది. రాయబారం చెడిపోయాక కృష్ణుడు కర్ణుణ్ణి తన రథం ఎక్కించుకుని ఊరి బయటకి తీసుకెళ్తాడు. నువ్వు కుంతి పెద్దకొడుకువి, వచ్చెయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ముందు రాధమ్మ గురించి చెప్తాడు. తనను చూడగానే ఆమెకి పాలు వచ్చాయని, తన మలమూత్రాలు ఎత్తిందని, భూమండలం మొత్తం ఇచ్చినా, బంగారం రాశులు పోసినా ఆమెకి పెట్టాల్సిన పిండం ఎలా మానేస్తానని. ఎంత గొప్పగా ఉంటుందో ఆ భాగం. తన పుట్టుక ధర్మరాజుకి చెప్పొద్దని కూడా అడుగుతాడు. తెలిస్తే రాజ్యం తనకి ఇచ్చేస్తాడని, తనకొస్తే అది దుర్యోధనుడికి ఇచ్చేయాల్సి వస్తుందని, ధర్మాత్ముడైన యుధిష్ఠిరుడే రాజుగా ఉండాలని.

ఆ మాటల మధ్యలోనే ఇంకొకటి అంటాడు. దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవుల్ని కఠినంగా మాట్లాడానని, అందుకు ఇప్పుడు బాధపడుతున్నానని. అంటే తనకి తెలుసు. ఆ మాటలు తనవి కావని, ఎదుటివాడి మెప్పు కోసం వచ్చినవని. విచిత్రం ఏంటంటే, ఇది కృష్ణుడితో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్తాడు. అన్నది మాత్రం నిండుసభలో. ఆ బాధ ద్రౌపది చెవిన పడదు.

కాన్వొకేషన్‌లో నేను వినని మాట

ఇక తైత్తిరీయోపనిషత్తు. కృష్ణ యజుర్వేదంలోది. అందులో శీక్షావల్లి, పదకొండో అనువాకం. చదువు పూర్తయి ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చివరిసారి చెప్పే మాటలివి. మన దేశంలో చాలా యూనివర్సిటీలు స్నాతకోత్సవాల్లో దీన్నే చదువుతాయి. మా కాన్వొకేషన్‌లోనూ చదివారు. నేను అద్దెకి తెచ్చిన గౌను భుజం మీద నిలవక, అది సర్దుకుంటూ కూర్చున్నాను.

సత్యం పలుకు, ధర్మం ఆచరించు, చదువు మానకు అని మొదలవుతుంది. తల్లి, తండ్రి, గురువు, అతిథి, నలుగుర్నీ దైవాలుగా చూడమంటుంది. ఈ ముక్క మనకి స్కూలు గోడల మీద కూడా కనిపిస్తుంది. గోడ మీద రాసేవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. ఉపనిషత్తు ఆపదు. వెంటనే తర్వాతి మాటల్లోనే గురువు అంటాడు: నింద లేని పనులు మాత్రమే చెయ్యి, మిగతావి వద్దు. మాలో మంచి నడవడి ఏదుందో అదే నువ్వు పట్టుకో, మిగతాది వద్దు.

మాలో, అంటున్నాడండీ. ఇప్పుడే నన్ను దైవంగా చూడు అన్న గురువే, నాలో పట్టుకోకూడనివి కూడా ఉన్నాయి అంటున్నాడు. శిష్యుడు తర్వాతెప్పుడో కనిపెట్టి కుంగిపోకుండా, గేటు దగ్గరే చెప్పి పంపిస్తున్నాడు. దైవంగా చూడటమూ, తప్పు తప్పని గుర్తుపట్టడమూ ఒకే గుక్కలో.

మా పనిలో గిట్ అని ఒకటి వాడతాం. ఇంకొకరు రాసిన బ్రాంచ్ మొత్తం మన కోడ్‌లో కలిపేసుకోవచ్చు. లేదా అందులో మనకి కావలసిన ఒక్క కమిట్‌ని ఏరుకోవచ్చు, దాన్ని చెర్రీ పిక్ అంటాం. గురువు చెప్పింది అదే అనుకుని నేను భలే సంబరపడ్డాను. కానీ ఈ పని చేసినవాళ్ళకి తెలుసు, చెర్రీ పిక్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి. ఎందుకంటే ఆ ఒక్క కమిట్ ఇంకో పదింటి మీద ఆధారపడి ఉంటుంది. మనుషులూ అంతే. నా ఫీజు కట్టిన చెయ్యే బీరువా తెరిచింది. రెండూ అడగకుండానే. రెండూ తనవాళ్ళనుకున్నవాళ్ళ కోసమే. ఆ రెండింటినీ విడదీయడం నేను అనుకున్నంత తేలిక కాదు.

అందుకేనేమో ఆ అనువాకం ఇంకో మెట్టు కూడా దిగుతుంది. ఒక పని గురించో, ఒక నడవడి గురించో నీకు సందేహం వస్తే ఎవరి వైపు చూడాలో చెప్తుంది. అక్కడున్న బ్రాహ్మణుల్లో, బాగా ఆలోచించగలిగినవాళ్ళు, తమ ధర్మంలో నిలిచినవాళ్ళు, ఇంకొకరు పురిగొల్పితే కాక తమంతట తాము నడిచేవాళ్ళు, కరకుదనం లేనివాళ్ళు, ధర్మాన్ని కోరేవాళ్ళు ఎవరో చూసి, వాళ్ళు ఎలా ఉంటే నువ్వూ అలా ఉండు అంటుంది. 'తమంతట తాము' అన్న అర్థం శంకరాచార్యుల భాష్యంలో ఉంది. కరకుదనం లేనివాళ్ళు అనడానికి మూలంలో ఉన్న పదం 'అలూక్ష'. నాకు చాలా నచ్చిన పదం.

ఇప్పుడు ఈ కొలతలు పట్టుకుని మళ్ళీ ఆ సభలోకి వెళ్ళండి. అక్కడ అందరికంటే పెద్ద పండితులు భీష్ముడు, ద్రోణుడు. అందరికంటే పెద్ద దాత కర్ణుడు. కానీ ఎవరూ పురిగొల్పకుండా, కరకుగా మాట్లాడకుండా, ధర్మం కోసమే నోరు తెరిచింది ఒక్క వికర్ణుడు. విదురుడు కూడా మాట్లాడాడు, కాదనను. కానీ వికర్ణుడు సొంత అన్నకి ఎదురు మాట్లాడాడు. ఆ తర్వాత యుద్ధంలో అన్న పక్షానే ఉండి భీముడి చేతిలో చనిపోతాడు. కౌరవుల్ని చంపి పొంగిపోయే భీముడు ఈయన కోసం మాత్రం బాధపడతాడు. ద్రోణపర్వంలో ఉంటుంది. వికర్ణుడి మీద సినిమా ఎవరూ తీయలేదనుకోండి, కుంకుమ భరిణె మూతలతో ఆడుకునే పిల్లాడు ఆయన్ని ఎక్కడ చూస్తాడు?

కర్ణుణ్ణి వదిలేయమని నేను అనట్లేదు. నేను వదల్లేదు. తడి తలతో అధిరథుడికి పెట్టిన దణ్ణం నాకు ఇప్పటికీ కావాలి. సభలో అన్న మాట అక్కర్లేదు. అది అక్కర్లేదని ఆయనే కృష్ణుడి రథంలో ఒప్పుకున్నాడు కాబట్టి, నేనేమీ ఆయనకి ద్రోహం చేయట్లేదు.

ఈ వీడియో స్క్రిప్టు రాస్తున్నప్పుడు, ఆరేళ్ళ తర్వాత మొన్న మావయ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. నంబర్ చూసి గుర్తుపట్టడేమో అనుకున్నా. "ఏరా, తిన్నావా?" అన్నాడు. ఆ మూడు సీడీలు ఇంకా ఉన్నాయా అని అడిగాను. రెండోది గీతలు పడింది గానీ మిగతావి ఆడతాయన్నాడు. ఫీజు కట్టినందుకు థాంక్స్ ఎప్పుడూ చెప్పలేదు మావయ్యా, అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. గాజుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అమ్మకి చెప్పాను ఫోన్ చేశానని. "మంచి పని చేశావు" అంది. కాసేపాగి, "నాకు గాజులు అక్కర్లేదురా. ఆ రోజు అంత మందిలో అన్నాడు, ఆ మందిలోనే ఒక్క మాట అంటే చాలు" అంది.

వచ్చే నెల పెద్దమావయ్య కూతురి పెళ్ళి. ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా వస్తారు. మావయ్య తనంతట తాను ఆ మాట అంటాడో లేదో తెలీదు. ఆయన అనకపోతే, ఆరేళ్ళ క్రితం అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే అని నేను అనాలి. ఆయన్ని తిట్టకుండా, గొంతు పెంచకుండా. టికెట్ బుక్ చేశాను. వెళ్ళేలోపు ఇంకోసారి వికర్ణుడి ఘట్టం చదువుకోవాలి.